ఫ్లెక్సీ నవ్వు

మోతె రోడ్డు మీంచి నల్లగుట్ట తండాకు తిరిగే మలుపులో, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో తులసీరాం నవ్వుతూ ఉంటాడు. ఉగాదికి నవ్వుతాడు, తీజ్ పండక్కి నవ్వుతాడు, ఎవరో పెద్ద నాయకుడి పుట్టినరోజు వస్తే ఆ నాయకుడి కంటే వెడల్పుగా నవ్వుతాడు. ఎండకు రంగు వెలిసి, గాలికి ఓ మూల చిరిగి, మొహమంతా నీలంగా మారిపోయినా పళ్ళు మాత్రం తెల్లగానే ఉంటాయి. ఆ ఫ్లెక్సీ కిందే సూర్యాపేట బస్సు కోసం నిలబడే అసలు తులసీరాం మాత్రం నవ్వడు.

నవ్వకపోవడానికి గర్వం కారణం కాదు, దుఃఖమూ కాదు. బోరు నీళ్ళు. ఆ తండాలో నలభై దాటినవాళ్ళు ఎవరు నోరు తెరిచినా ఒకటే రంగు. పసుపూ గోధుమా కలిసి, మధ్యమధ్య సుద్దముక్కతో గీసినట్టు చారలు. చదువుకున్నవాళ్ళు ఫ్లోరైడ్ అంటారు, తండావాళ్ళు 'బోరు పండ్లు' అంటారు. ఇప్పుడు నల్లాలు వచ్చాయి, పిల్లల పళ్ళు బాగానే ఉన్నాయి గానీ, చిన్నప్పుడు పట్టిన మరక పెద్దయ్యాక మంచినీళ్ళు పుక్కిలిస్తే పోదు. మిగతావాళ్ళంతా ఆ పళ్ళతోనే తింటారు, తిట్టుకుంటారు, కడుపు పట్టుకుని నవ్వుతారు. తులసీరాం ఒక్కడే సిగ్గుపడ్డాడు. ఎందుకంటే అతను సర్పంచ్ కావాలనుకుంటున్నాడు.

అతని భార్య పుష్పాబాయిది మిర్యాలగూడ దగ్గర కాలువ కింది తండా. సాగర్ నీళ్ళు తాగి పెరిగిన మనిషి. ఆ వైపు రైస్ మిల్లులు ఎక్కువ కాబట్టి ఆమె పళ్ళు కొత్త బియ్యంలా ఉండేవని చెప్పుకోవచ్చు. పై వరసలో ఎడమ పక్క ఒక పన్ను, పక్కదాని మీదికి కాస్త ఎక్కి కూర్చుంటుంది. పన్ను మీద పన్ను ఉంటే అదృష్టమని ఆమె తల్లి సుక్కి వచ్చినవాళ్ళకల్లా బిడ్డ నోరు తెరిపించి చూపించేది. కొత్త కోడలిగా నల్లగుట్టకు వచ్చినప్పుడు పుష్పాబాయి నవ్వితే నాలుగిళ్ళ అవతల మేకలు తలెత్తేవి.

పెళ్ళైన వారానికే తులసీరాం ఆ నవ్వుకు మందు వేశాడు.

"నవ్వు నాలుగు విధాల చేటు అన్నరే. ఆడది గట్ల పండ్లు బయట పెట్టి నవ్వొద్దు. తండోళ్ళు ఏమనుకుంటరు?"

తండావాళ్ళు ఏమీ అనుకోలేదు. అనుకున్నదల్లా తులసీరామే. ఆ నోటి పక్కన తన నోరు ఎలా కనిపిస్తుందో పెళ్ళి ఫోటోల్లో చూసుకున్నాడు, అంతే. పుష్పాబాయి ఆరోజు నుంచి నవ్వు వస్తే కొంగు అడ్డం పెట్టుకోవడం నేర్చుకుంది. కొన్నాళ్ళకు కొంగే ముందు వచ్చేది, నవ్వు రావడం తగ్గింది. 'ఎంత మర్యాదస్తురాలు' అని తండా మెచ్చుకుంది. భార్యను మర్యాదస్తురాలిని చేసిన ఘనత తులసీరాం తన ఖాతాలో వేసుకున్నాడు.

ఇరవై ఐదేళ్ళ పెళ్ళిరోజుకు ఫ్లెక్సీ వెయ్యాలని అతనికి బుద్ధి పుట్టింది. ఎన్నికలు వస్తాయంటున్నారు, జనం కళ్ళలో పడాలి, పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం. సూర్యాపేట బస్టాండ్ వెనక సందులో డేవిడ్ అనే కుర్రాడు ఫ్లెక్సీలు చేస్తాడు. జిల్లాలో సగం మంది నాయకుల బట్టతలల మీద జుట్టు మొలిపించింది అతనే. తులసీరాం తన ఫోన్లో ఉన్న, ఇంట్లో పూజకు ఇద్దరూ పీటల మీద కూర్చున్న ఫోటో ఇచ్చాడు. ఫోటో తీసే సమయానికి ఓ మేకపిల్ల వచ్చి పీటల మీద ఎక్కిందట. పుష్పాబాయి కొంగు జారి, చాలా ఏళ్ళ తర్వాత పళ్ళన్నీ కనబడేలా నవ్వేసింది. పక్కన తులసీరాం కవరు అంటించినట్టు పెదాలు మూసుకుని ఉన్నాడు.

"తమ్మీ, మీ వదిన నోరు జర మూసెయ్. నా నోరు జర తెరువు" అన్నాడు.

"తెరుస్త అన్నా. తెరిస్తే మరి లోపట పండ్లు?"

"మంచియి సూసి పెట్టు."

"ఏడికెల్లి తేవాలె?"

"నన్నడుగుతవేందిరా? గంత పెద్ద కంప్యూటర్ల పండ్లుండయా?"

అని చాయ్ తాగడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి తెర మీద పుష్పాబాయి నోరు బుద్ధిగా మూసుకుని ఉంది, తులసీరాం నోరు తెరుచుకుని ఉంది. ఆ నోట్లో పళ్ళు! తెల్లగా, నిండుగా, అతికించినట్టే లేవు. తల్లి కడుపులోంచి వాటితోనే పుట్టాడనిపించేలా ఉన్నాయి. తులసీరాం కుర్చీ లాక్కుని తెరకు దగ్గరగా కూర్చున్నాడు. తన మొహం ఇంత బాగుంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు మరి.

"ఏడ దొరికినయిరా?"

"గవన్ని ఎందుకన్నా, కలిసినయా లేదా సూడు."

కలిశాయి. ఎంత కలిశాయంటే, ఆ నవ్వును డేవిడ్ కంప్యూటర్లో దాచిపెట్టుకున్నాడు. ఆ తర్వాత పండగ మారేది, అంగీ రంగు మారేది, నవ్వు మాత్రం అదే. తులసీరాం దాన్ని అలవాటు చేసుకున్నాడు. అద్దం చూసుకోవడం మానేసి ఫ్లెక్సీ చూసుకోవడం మొదలుపెట్టాడు.

చిక్కు ఏమిటంటే, ఫ్లెక్సీ రోడ్డు మీద ఉంటుంది, మనిషి ఇంటింటికీ తిరగాలి. సూర్యాపేటలో ఓ పెద్దమనిషి అతన్ని ఎగాదిగా చూసి, "మలుపు కాడ ఫ్లెక్సీల ఉన్నది మీ తమ్ముడా?" అని అడిగాడు. తులసీరాం పెదాలు విప్పకుండానే ఏదో గొణిగి బయటపడ్డాడు. తండాలో అతనికి పోటీగా తిరుగుతున్న ధన్‌సింగ్ అయితే ఇంకా నయం, నేరుగా జనం మధ్యే అనేశాడు. "ఫ్లెక్సీల గంత నవ్వుతడు, మనింటికొస్తే మూతి ముడుసుకుంటడు. మనల్ని జూస్తే ఆయనకు నవ్వు రాదే!" అని, గోధుమ రంగు పళ్ళన్నీ బయటపెట్టి హాయిగా నవ్వాడు. తండా మొత్తం అతనితో కలిసి నవ్వింది. అదే తులసీరాంను తినేసింది. ఆ నవ్వులో కలవలేకపోతే ఓట్లు రావని అతనికి అర్థమైంది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. ఆ మాటను అతను ఎవరూ అనుకోనంత అక్షరాలా తీసుకున్నాడు.

సూర్యాపేటలో పళ్ళ డాక్టర్లు లేక కాదు, తెలిసినవాళ్ళు చూస్తారని కోదాడ వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ మలుపులోని ఫ్లెక్సీ విప్పి, చాపలా చుట్టి బస్సెక్కించాడు. కండక్టర్ దానికి లగేజీ టికెట్ కొట్టాడు.

డాక్టర్ సరిత గారు చాలా నోళ్ళు చూసిన మనిషే. కానీ రోగి తన నోటిని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని రావడం అదే మొదలు. తులసీరాం ఆ ఫ్లెక్సీని గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచాడు. నర్సు కుర్చీ జరిపి దారిచ్చింది.

"ఇంత పెద్ద ఎక్స్‌రే నేనెప్పుడూ చూడలేదండి" అన్నారు డాక్టర్.

"మేడం, నాకు గిసొంటి పండ్లు గావాలె. వెంట్రుక వాసి తేడా రావద్దు."

డాక్టర్ గారు కిందికి వంగి, ఫ్లెక్సీ చుట్టూ తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని మరీ చూశారు. తర్వాత అతని నోట్లో లైటు వేసి చూశారు. పళ్ళు గట్టివేనని, రంగే పాడైందని, పై వరస పళ్ళను ముందువైపు కొంచెం అరగదీసి పింగాణీ పొరలు అంటిస్తే సరిపోతుందని చెప్పారు. వాటినే వెనీర్లంటారట. గోరంత మందం. బాగా చేస్తే సొంత పళ్ళకూ వాటికీ తేడా తెలియదట.

"కానీ ఫోటోలో ఉన్నవి మీ మొహానికి కాస్త చిన్నవిగా ఉంటాయండి. మీ దవడ పెద్దది. కొంచెం వెడల్పుగా చేయిద్దామా? రంగు కూడా ఒక పిసరు తగ్గిస్తే సహజంగా ఉంటుంది."

"తగ్గించుడేంది మేడం? పసుపు రంగు నా తాన ఉట్టిగనే ఉన్నది."

"సరే, అలాగే కానీండి. మరి ఈ ఎడమ పక్కది? పక్క పన్ను మీదికి ఎక్కింది. దీన్ని సరిచేసేద్దాం."

తులసీరాం ఉలిక్కిపడ్డాడు. "ముట్టుకోవద్దు! జనం అదే సూసిన్రు. అదే గావాలె."

డాక్టర్ గారు ఇంకోసారి ఆ పన్ను వంక చూసి నవ్వారు. "నిజమే, దాంతోనే ఈ నవ్వుకు ప్రాణం వచ్చింది. ఫోటోల్లో పళ్ళు దిద్దేవాళ్ళు అన్నీ ఒకే వరసలో పెడతారు. ఇలాంటి వంకర ఎవరికీ తోచదు. ఇవి ఎవరో నిజం మనిషి పళ్ళండి. ఎవరివి?"

"ఎవలియి ఏంది మేడం? మొహం నాదైతే పండ్లు నాయే గద!"

డాక్టర్ గారు కొలతలు తీశారు, అచ్చు తీశారు, గీకారు, తాత్కాలికంగా ఏవో తొడిగి పంపారు. మళ్ళీ పిలిచి, పింగాణీ పొరలు ఒక్కొక్కటే అంటించి, నీలం లైటు పెట్టి గట్టిపరిచారు. చివరికి అద్దం చేతికిచ్చి జాగ్రత్తలు చెప్పారు. మటన్ బొక్కలు కొరకొద్దు, చెరుకు చీల్చొద్దు, సీసా మూతలు పళ్ళతో తియ్యొద్దు.

"ఎలక్షన్లల్ల సీసా మూతలు తీసుడుకు వేరే మనుషులుంటరు మేడం" అన్నాడు తులసీరాం, అద్దంలోంచి కళ్ళు తిప్పకుండానే. అద్దంలో ఫ్లెక్సీ కూర్చుని ఉంది.

ఇక ఆ మనిషిని పట్టడం ఎవరి వల్లా కాలేదు. కోదాడ బస్సులో కండక్టర్‌ను చూసి నవ్వాడు, మోతెలో దిగి పాన్ డబ్బా వాడిని చూసి నవ్వాడు, దారిలో బర్రెలను చూసి కూడా నవ్వాడు. ఇన్నేళ్ళ బాకీ ఒక్కసారే తీర్చేస్తున్నట్టు నవ్వాడు. ఆ వారంలోనే తండాలో హరిలాల్ అనేవాడి తండ్రి పోతే పలకరించడానికి వెళ్ళాడు. మొహం బాధగానే పెట్టాడు పాపం, కానీ పెదాలకు ఇంకా ఆ పళ్ళ మీద మూసుకోవడం రాలేదు. హరిలాల్ కళ్ళు తుడుచుకుంటూ, "మా నాయిన పోతే నీకు గంత సంబురమేందన్నా?" అన్నాడు.

ఇంట్లో పుష్పాబాయి మాత్రం అన్నం పెడుతూ అతని నోటి వంక చూసింది, పప్పు వేస్తూ చూసింది, మజ్జిగ పోస్తూ చూసింది.

"ఏందే గట్ల సూస్తున్నవ్? బాగలేవా?"

"బాగున్నయి. ఈ నవ్వు నేనేడనో సూసిన."

"ఫ్లెక్సీల సూసినవ్."

"కాదు. అంతకంటె ముందుగాల."

తులసీరాం పట్టించుకోలేదు. భార్య మాట పట్టించుకునే అలవాటు అతనికి ఏనాడూ లేదు.

సరిగ్గా అప్పుడే రిజర్వేషన్ చిట్టీలు తీశారు. నల్లగుట్ట తండా సర్పంచ్ పదవి ఈసారి ఆడవాళ్ళకు వచ్చింది.

కబురు తెలిసి తులసీరాం మంచం మీద కూలబడ్డాడు. కుడితిలో పడ్డ ఎలుక కూడా అంత గిలగిల్లాడదు. అరగదీసిన పళ్ళు మళ్ళీ పెరగవు కదా. రెండు పూటలు అన్నం మానేశాడు. మూడో పూటకు ఆకలేసి లేచాడు, లేవగానే ఉపాయం కూడా తట్టింది. గొప్ప ఉపాయమేం కాదు. ఆడవాళ్ళకు పదవి వచ్చిన ప్రతి ఊళ్ళోనూ మగవాళ్ళకు మూడో పూటకు తట్టే ఉపాయమే అది. అవతల ధన్‌సింగ్‌కు రెండో పూటకే తట్టింది, భార్య కమలను నిలబెట్టేశాడు.

"నువ్వు నిలబడుతున్నవ్" అని పుష్పాబాయితో చెప్పాడు తులసీరాం. "పరేషాన్ గాకు. నువ్వు దండం పెట్టు సాలు. మాటలు నేను మాట్లాడుత, నవ్వు నేను నవ్వుత."

"మరి నేనేం జెయ్యాలె?"

"గెలువు."

కొత్త ఫ్లెక్సీలో తులసీరాం నిలువెత్తున నవ్వాడు. కింది మూలలో, గుర్తు పక్కన, అభ్యర్థి పుష్పాబాయి నోరు మూసుకుని దండం పెట్టింది. తెలియనివాళ్ళు ఆమెను ఫ్లెక్సీ కొట్టించిన దాతేమో అనుకునేలా ఉంది.

ప్రచారం మొదలుపెట్టే రోజున బిడ్డను దీవించడానికి సుక్కి మిర్యాలగూడ నుంచి వచ్చింది. ఆ ముసలమ్మకు కొత్తగా కంటి ఆపరేషన్ అయింది. వాకిట్లో తండా సగం పోగై ఉంది. అత్త ఆటో దిగగానే తులసీరాం ఎదురెళ్ళి, అందరూ చూస్తుండగా నిండుగా ఒక నవ్వు నవ్వాడు.

సుక్కి నడుస్తున్నదల్లా ఆగిపోయింది. దగ్గరకొచ్చింది. అల్లుడి గడ్డం పట్టుకుని, సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు మొహం పైకెత్తింది.

"ఓ యాడీ, ఓ తల్లీ!" అని గుండె మీద చెయ్యేసుకుంది. "ఇవి నా బిడ్డ పండ్లు గదరా!"

"అత్తా, గదేం మాట..."

"గదిగో, ఎడమ దిక్కు ఎక్కి కూసున్న పన్ను! చిన్నప్పుడు బొగ్గు పొడితోని ఈ ఏలుతో తోమిన పండ్లు. నాకు తెల్వదా? నా బిడ్డ పండ్లు నీ నోట్లెకు ఎట్లొచ్చినయి అల్లుడా?"

వాకిట్లో ముందు ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ. "అత్తకు కండ్లు కనపడుత లేవు" అన్నాడు తులసీరాం. "మొన్ననే కొత్తయి ఏసిన్రు, నీ చెవుల ఎంటికలు గూడ కనపడుతున్నయి" అంది సుక్కి. తులసీరాం చూపు భార్య వైపు పోయింది. పుష్పాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని అతన్నే చూస్తోంది. అతను బండి తీసి నేరుగా సూర్యాపేట పోయాడు.

ఆ పళ్ళు పుష్పాబాయివేనా అని అడిగితే డేవిడ్ కాదనలేదు. పాత ఫోటో తీసి తెర మీద పెట్టాడు.

"ఇంటర్నెట్ల దొరికే పండ్లు పెడితే పెట్టినట్టే కొడతయి అన్నా. ఎలుతురు కలువదు. ఒక్క ఫోటోలవే అయితే మంచిగ కూసుంటయి. మీరే అన్నరు గద, వదిన నోరు మూసెయ్యమని. మూసినంక పండ్లు మిగిలినయి. పారేసుడెందుకని మీకు పెట్టిన."

తులసీరాం తెర వంక చూశాడు. మేకపిల్ల, జారిన కొంగు, తల వెనక్కి వాల్చి నవ్వుతున్న పుష్పాబాయి. పెళ్ళైన వారం రోజులు ఆ నవ్వు తన ఇంట్లో వినిపించింది. తర్వాత వినిపించలేదు. ఇన్నేళ్ళలో అది ఏమైందని అతను ఒక్కసారి కూడా వెతకలేదు. ఇప్పుడు చూస్తే అది తన నోట్లో ఉంది. అతనికి సిగ్గేసింది. కాసేపు నిజంగానే సిగ్గేసింది. కానీ భయం దాన్ని ఎక్కువసేపు ఉండనివ్వలేదు. భార్యా తనూ పక్కపక్కన నిలబడి ఇద్దరూ నవ్వితే తండాకు సాక్ష్యం దొరికిపోతుంది. పెళ్ళాం పళ్ళు పెట్టుకుని తిరిగేవాడి మాటకు ఎవడు ఓటేస్తాడు?

ఇంటికొచ్చి గట్టిగా చెప్పాడు. "ఓట్లు అయ్యేదాంక నువ్వు నోరు తెరువొద్దు. ఏది ఏమైనా నవ్వొద్దు."

పుష్పాబాయి గోడకున్న అద్దం ముందు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. కొంగు పక్కకు తీసి తన నోరు తానే చూసుకుంటోంది. వెనక్కి తిరిగింది.

"నా పండ్లు నీకు గంత నచ్చినయా?" అంది. "ఇరవై ఐదేండ్లల్ల ఒక్కసారన్న చెప్పకపోతివి."

తులసీరాం తాళంచెవి జేబులో వేసుకున్నాడు. బండికి పెట్రోల్ ఉందో లేదో చూసొస్తానని బయటికి వెళ్ళాడు.

ప్రచారం ఆఖరి సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు రెండు పక్షాలూ మాట్లాడాలని పెద్దలు చెప్పారు. ధన్‌సింగ్ భార్య తరఫున మాట్లాడాడు. కమల అతని వెనక నిలబడి చీర అంచు వేలికి చుట్టుకుంటూ ఉంది. మాటల చివర ధన్‌సింగ్ జనం వైపు తిరిగి, "ఓటేసే ముందు ఒక్కటి అడుగుండ్రి. అవతల నవ్వుతున్నోడి నవ్వు ఎవలది? పుష్పక్కను ఒక్కసారి నవ్వుమనుండ్రి, తేలిపోతది!" అన్నాడు.

"నవ్వు పుష్పక్కా! ఒక్కసారి నవ్వు!" అని ఆడవాళ్ళ వైపు నుంచే మొదలైంది అరుపు.

తులసీరాం లేచి నిలబడ్డాడు. భార్య వైపు చూసి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఏం చెయ్యాలో తోచక అలవాటైన పనే చేశాడు. జనం వైపు తిరిగి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

పుష్పాబాయి దాన్ని చూసింది. భయంతో బిగుసుకుపోయిన మొహంలో, గుబురు మీసాల కింద, తన పళ్ళు తననే చూసి నవ్వుతున్నాయి. కొంగు నోటి దాకా తెచ్చుకుంది గానీ అడ్డం పెట్టుకోలేకపోయింది. నవ్వేసింది. తల వెనక్కి వాల్చి, భుజాలు ఊగేలా, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. ఎక్కడో మేక అరిచింది. ఎడమ పక్కన ఎక్కి కూర్చున్న పన్ను ట్యూబులైటు వెలుగులో తండా మొత్తానికి కనబడింది, అటు ఆమె నోట్లోనూ, ఇటు అతని నోట్లోనూ. ఇక తండా ఆగుతుందా? ముసలివాళ్ళు, పిల్లలు, చివరికి ధన్‌సింగ్ వెనక నిలబడ్డ కమల కూడా పగలబడి నవ్వింది. తులసీరాంకు నేల విచ్చుకుంటే బాగుండనిపించింది.

నవ్వు తగ్గాక పుష్పాబాయి మైకు అందుకుంది. దాన్ని ఎటువైపు పట్టుకోవాలో కాసేపు తెలియలేదు.

"నా నవ్వు ఈయన తీసుకున్నడు" అంది. "ఇగ మాట నేను తీసుకుంట. ఈ తండల పెద్దోళ్ళందరి పండ్లు ఒక్క తీరుగనే ఉన్నయి. మా ఆయన గూడ గదే నీళ్ళు తాగిండు, సిగ్గువడి దాసుకున్నడు. సిగ్గువడాల్సింది మనం గాదు, మనకు గా నీళ్ళు తాపినోళ్ళు. నల్లా వచ్చిందని మురుస్తున్నం. రాని నాడు పిల్లలు ఏం తాగుతున్నరో ఎవలన్న సూసిన్రా? బిందె ఎత్తేది నేను, నాకు తెలుసు. మళ్ళ బోరు నీళ్ళే. నన్ను గెలిపిస్తే ఒక్క పొద్దు గూడ నల్లా ఆగకుండ కొట్లాడుత. గంతే."

మైకు తులసీరాం చేతిలో పెట్టింది. అతను దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

పుష్పాబాయి గెలిచింది. బొటాబొటిగా కాదు, ధన్‌సింగ్ సొంత వదినలు కూడా ఆమెకే వేశారని చెప్పుకున్నారు. "నవ్విన నాపచేనే పండుతది" అని సుక్కి వాకిట్లో కూర్చుని వచ్చినవాళ్ళకల్లా చెప్పింది. బిడ్డను పిలిచి నోరు తెరిపించి, పన్ను మీద పన్ను మళ్ళీ చూపించింది. అల్లుడిని కూడా పిలిచింది గానీ అతను వినబడనట్టు గొడ్ల కొట్టంలోకి పోయాడు.

ఓటర్లకు దండాలు చెప్పే ఫ్లెక్సీ వెయ్యాలి. ఈసారి సూర్యాపేటకు పుష్పాబాయి తానే వచ్చింది. తులసీరాం బండి నడిపాడు. సందులో బండి ఆపి, లోపలికొచ్చి, డేవిడ్ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తెర మీద మొన్న తీసిన ఫోటో ఉంది. నిలువెత్తున పుష్పాబాయి నవ్వుతోంది, దిద్దాల్సిన పనేమీ లేదు. పక్కన తులసీరాం కూడా పింగాణీ అంతా బయటపెట్టి నవ్వుతున్నాడు.

డేవిడ్ మౌస్ మీద చెయ్యి పెట్టి కాస్త ఇబ్బందిగా కదిలాడు.

"సర్పంచ్ వదినా, రెండు నవ్వులు ఒక్క తీరుగనే కొడుతున్నయి. జనం మళ్ళ నవ్వుతరు. అన్న నోరు జర మూసెయ్యాల్నా?"

తులసీరాం భార్య మొహం వంక చూశాడు. మూసెయ్ అంటుందని అతనికి తెలుసు. అంటే కాదనే హక్కు తనకు లేదనీ తెలుసు.

పుష్పాబాయి తెర మీది మొగుడి నోటిని దగ్గరకు వంగి చూసింది.

"వద్దు బిడ్డా, ఉండనియ్" అంది. "అవి గూడ నాయే గద."

అని కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. గోడకు ఆనుకుని ఉన్న తులసీరాం మాత్రం ఎవరూ చెప్పకుండానే పెదాలు మూసుకున్నాడు.